అండాలక్క మొదలుపెట్టిన బుట్టలు

మొన్న మల్కాజ్‌గిరిలో లోకల్ ట్రైన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుటి సీట్లో ఒక కాలేజీ పిల్ల. ఆమె ఒళ్ళో పల్చటి కవరు, కవర్లో బుట్టలు అల్లే ప్లాస్టిక్ వైరు కట్టలు రెండు, ఒకటి చిలకాకుపచ్చ, ఒకటి తెలుపు. ఈ మధ్య పిల్లలు ఫోన్లో చూసి ఇలాంటివన్నీ నేర్చుకుంటున్నారట. మా తరంతో పోయిందనుకున్న వైరు బుట్ట మళ్ళీ ఫ్యాషన్ అయిందట. ఎండ నేరుగా ఆ కవరు మీద పడుతోంది. బండి కదిలిన కాసేపటికి వాసన మొదలైంది. ఎండకు వేడెక్కిన కొత్త వైరు వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది, అంత ఘాటుగా ఉండదు. మిగతావాళ్ళకు అది ప్లాస్టిక్ వాసన. నాకు అది అండాలక్క. సికింద్రాబాద్ దాకా టికెట్టు తీసుకున్నదాన్ని, కూర్చోలేక తరువాతి స్టేషన్‌లోనే దిగిపోయాను.

యాభై దాటిన ఆడది ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే ఈ ఊళ్ళో ఎవరూ ఏమీ అడగరు. అది మంచి గుణమో చెడ్డ గుణమో నేను ఇంకా తేల్చుకోలేదు. అండాలక్క పోయి ఏడాది దాటింది. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుందని నాకు చెప్పినవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి అడగాలని ఉంది, ఎప్పుడు తగ్గుతుందని. తగ్గలేదు. మొదట్లో ఏడుపు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసేది, ఇప్పుడు చెప్పకుండా వస్తోంది. తేడా అంతే.

ఆమెను మీరు చూడలేదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. పెళ్ళయిన కొత్తలో మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి బోయిగూడలో ఒక ఇంటి మేడ మీద వాటాలో దిగాం. మా ఆయనకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగం, పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. నాకు ఊరు తెలియదు, మనుషులు తెలియరు. కింద కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు కూడా సగమే అర్థమయ్యేది. మా వాటాకూ పక్కింటి మేడకూ కలిపి ఒకటే మెట్లు. ఆ పక్కింట్లో ఉండేది అండాలక్క. భర్త నర్సింగన్న రైల్వేలో పనిచేసేవాడు, పిల్లలు లేరు. నల్లగా, పొడుగ్గా, ముక్కుకు రెండు వైపులా పుడకలతో, వంటపని అయిపోగానే మెట్ల మీద కాళ్ళు చాపుకుని వైరు బుట్ట అల్లుతూ కూర్చునేది. నేను బకెట్టు పట్టుకుని దిగాలంటే ఆమె కాళ్ళు ముడుచుకోవాలి. ముడుచుకునేది కాదు.

"ఏందమ్మా, ఎప్పుడు చూడు గా బకెట్ పట్టుకొని ఉరుకుతనే ఉంటవ్. జెర కూసో. నీళ్ళు యాడికి పోవు" అంది ఒకరోజు.

"పర్లేదండీ" అన్నాను.

"అండీ ఏందీ? నా పేరు అండాలు. అండీ కాదు."

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. అయినా కూర్చున్నాను. ఆ ఊరికి వచ్చాక నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆమె.

బుట్ట అల్లడం నాకూ నేర్పమని అడగడానికి చాలా రోజులే పట్టింది. అడగ్గానే ఆమె ఎర్ర వైరు కట్ట ఒకటి నా మీదికి విసిరి, "అందాదగ కొయ్యి. నేను పొయ్యి మీద పప్పు చూసొస్త" అని లోపలికి వెళ్ళింది. అందాద అంటే సుమారుగా, ఉజ్జాయింపుగా అని. మా వైపు ఆ మాట లేదు. నాకు వినబడింది 'అందంగా' అని. కొత్తగా నేర్చుకుంటున్నానన్న భయం ఒకటి. మెట్ల మీద బాసిపట్టు వేసుకుని, ఒక్కో ముక్కనూ అంగుళం తేడా లేకుండా జానెడు జానెడు కోసి, రెండు కొసలూ తమలపాకు మొనలా ఏటవాలుగా కత్తిరించి, అన్నిటినీ వరసగా పేర్చిపెట్టాను. పొడుగ్గా ఉంటే అందం ఎక్కడ వస్తుంది? ఆమె తిరిగొచ్చి చూసింది.

"గిదేంది?"

"అందంగా కొయ్యమన్నారు కదండీ."

కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ పట్టుకుని నవ్వింది. కుళాయి దగ్గరున్న వాళ్ళందరినీ పిలిచి చూపించి మరీ నవ్వింది. కట్ట మొత్తం పాడైపోయింది, అంత పొట్టి ముక్కలతో బుట్ట అల్లడం ఎవరివల్లా కాదు. నేను మేడ ఎక్కి తలుపు వేసుకున్నాను, ఇక ఈ మనిషి మొహం చూడకూడదనుకున్నాను. సాయంత్రం తలుపు చప్పుడైంది. ఆమె గడప బయట నిలబడి అరచేయి చాపింది. అరచేతిలో, నేను కోసిన ముక్కలతో అల్లిన బుల్లి బుట్ట, రెండు నిమ్మకాయలు పట్టేంత. "నీ అందం ఊకెనే పోవద్దు గద" అంది. ఆనాటి నుంచి నన్ను ఏడిపించాలనుకున్నప్పుడల్లా "ఏం అందాదా" అని పిలిచేది. మామూలప్పుడు 'ఇజయా' అనేది. విజయలోని మొదటి అక్షరం ఆమె నోట ఎన్నడూ పలకలేదు, నేనూ సరిదిద్దలేదు.

బుట్ట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ ఏమిటో మీకు తెలియదు. ఈ పనిలో కష్టమంతా మొదట్లోనే ఉంటుంది. దాన్ని అడుగు వేయడం అంటాం. వైర్లను సగానికి మడిచి, పక్కపక్కన ఒక్కొక్కటే ముడివేస్తూ చిన్న చాపలా అడుగు తయారుచేయాలి. ముళ్ళన్నీ ఒకే బిగువులో పడాలి. ఎక్కడ వదులైనా అప్పుడు కంటికి కనబడదు, గోడలు పైకి లేచేటప్పుడు తెలుస్తుంది. బుట్ట ఒక పక్కకు ఒరుగుతుంది, కూరగాయలు వేసి పట్టుకుంటే వాలిపోతుంది. అడుగు సరిగ్గా పడితే ఆ తరువాత గుండ్రంగా తిరుగుతూ అల్లుకుపోవడమే. నాకు గోడలు వచ్చాయి, అంచు మడవడం వచ్చింది, పిడి చుట్టడం ఆమెకన్నా బాగా వచ్చింది. అడుగు మాత్రం రాలేదు. నేర్పమంటే నేర్పేది కాదు.

"షురూ చేసుడు నా పని, ఖతం చేసుడు నీ పని" అనేది.

"అది కూడా నేర్పొచ్చు కదక్కా."

"గది నేర్పితే ఇగ నువ్వు నా తలుపెందుకు కొడ్తవ్?"

ఆమె నవ్వుతూ అనేది, నేనూ నవ్వేదాన్ని. అది నవ్వులాట కాదని ఇప్పుడనిపిస్తుంది.

మా వైపు ఒకరు పట్టిందల్లా కలిసొస్తే హస్తవాసి మంచిదంటాం. ఆ గల్లీలో "అండాలు చెయ్యి మంచిగుంటది" అనేవారు. ఎవరింట్లో ఏది మొదలుపెట్టాలన్నా ఆమెకు పిలుపు వచ్చేది. కరివేపాకు మొక్క నాటాలన్నా, పచ్చడి జాడీలో మొదటి చెయ్యి పెట్టాలన్నా, కొత్త కుట్టుమిషన్ మీద మొదటి కుట్టు వేయాలన్నా ఆమే. పసిపిల్లకు మొదటిసారి గాజులు తొడగాలన్నా ఆమెనే పిలిచేవారు. పిల్లలు లేనిదాని చేత అలాంటివి చేయిస్తారా అని గొణిగే ముసలమ్మలు లేకపోలేదు, అయినా పిలుపు ఆగేది కాదు. ఆమె వెళ్ళేది, చెయ్యి వేసేది, చాయ్ కూడా తాగకుండా వచ్చేసేది. నాది పూర్తిగా వేరే చెయ్యి. నేను పెట్టిన మొక్క బతకదు, నేను తోడు వేసిన పాలు సరిగ్గా తోడుకోవు. మా అమ్మ పంపిన మామిడికాయలతో మొదటి ఏడాది నేనే ఆవకాయ కలిపితే వానలు మొదలవకముందే బూజు పట్టింది. రెండో ఏడాది ఆమెను పిలిచాను. "నాకు మీ ఆంధ్రా తొక్కు పెట్టుడు రాదు" అంటూనే మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక్క కలుపు కలిపి వెళ్ళింది. మరుసటి ఏడాది దాకా ఆ జాడీ చెక్కుచెదరలేదు. ఉప్పు సరిపోయి ఉంటుందని మా ఆయన అన్నారు. నేను నమ్మలేదు.

మూడో ఏడు నాకు కడుపు నిలిచి, అయిదో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక గల్లీలో వాళ్ళందరూ వచ్చి కూర్చుని ఓదార్చారు. చిన్నదానివి, మళ్ళీ పుడతారు, దేవుడు ఏదో ఆలోచించే చేసి ఉంటాడు, ఇలాంటివన్నీ. అండాలక్క రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. నాకు కోపం వచ్చింది. అందరూ వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక వచ్చింది. అడుగు వేసిన నీలం బుట్టను నా ఒళ్ళో పెట్టి, వైరు కొస నా వేళ్ళ మధ్య దూర్చి, పక్కన కూర్చుంది.

"నా వల్ల కాదక్కా" అన్నాను.

"ఏడుస్తనే అల్లు. ఎవరు వద్దన్నరు?"

ఏడుస్తూనే అల్లాను. ఆ బుట్ట గోడలు సరిగ్గా రాలేదు, మధ్యలో రెండు ముళ్ళు తప్పాయి. ఆమె చూసింది, విప్పలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. పిల్లలే పుట్టని ఆమెకు ఆ రోజు నా ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమై ఉంటుందో నాకు తట్టనేలేదు. తరువాత ఎప్పుడో నర్సింగన్న మాటల్లో తెలిసింది, ఆ రెండు రోజులూ ఆమె సరిగ్గా అన్నం తినలేదని. నాకు ఓదార్పు అంటే అదే ఇప్పటికీ, ఆమె వేసిన అడుగు, ఆ పక్కన కూర్చోవడం. మిగతావి మాటలు.

తరువాత మాకు అమ్మాయి పుట్టింది. దానికి మొదటి గాజులు ఎవరు తొడిగారో చెప్పక్కర్లేదు. అమ్మాయి బడికి వెళ్ళే వయసు వచ్చాక మల్కాజ్‌గిరిలో చిన్న ఫ్లాటు దొరికి అక్కడికి మారాం. సామాను ఎక్కిస్తుంటే అండాలక్క మెట్ల మీదే కూర్చుంది, ఎప్పటిలా కాళ్ళు చాపుకుని. కూలీలు ఆమె కాళ్ళు దాటుకుంటూ బీరువా దించారు. "పోతే పో. రైలు లేదా ఏందీ" అంది. కొన్నాళ్ళకు మా కాలనీలోనే ఒక బడి ఆఫీసులో నాకు ఉద్యోగం ఉందని తెలిసింది. నాకు పనిచేసిన అలవాటు లేదు, భయపడి వద్దనుకున్నాను. ఆ మాట ఫోన్లో చెప్తే, ఆమె మర్నాడు పొద్దున్నే రైలెక్కి వచ్చేసింది. బడి గేటు దాకా నా చెయ్యి పట్టుకుని నడిచి, గేటు గడియ తనే తీసింది. "నేను తీసిన గద, ఇగ పో లోపలికి." ఆ ఉద్యోగంలో ఇప్పటికీ ఉన్నాను.

అలా సంవత్సరాలు గడిచాయి. సెలవు దొరికినప్పుడల్లా బోయిగూడ వెళ్ళేదాన్ని. ఆమె అడుగు వేసి, పాత పేపర్లో చుట్టి సిద్ధంగా ఉంచేది. నేను తిరుగు రైల్లో గోడలు మొదలుపెట్టి, మళ్ళీ వెళ్ళేసరికి పిడి కూడా చుట్టి తీసుకెళ్ళేదాన్ని. అది ఆ గల్లీలో ఎవరింటికో వెళ్ళేది. పెళ్ళయిన పిల్లకు ఒకటి, బోనాలకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒకటి. ఎవరైనా ఇది ఎవరు అల్లారని అడిగితే ఇద్దరం ఒకరి పేరు ఒకరం చెప్పేవాళ్ళం. ఆ ఏళ్ళలో ఎవరికి వారు వేరుగా అల్లిన బుట్ట ఒక్కటీ లేదు. నాకు ఇంతకన్నా చెప్పుకోదగ్గ స్నేహం ఇంకొకటి లేదు, కట్టుకున్నవాడితో సహా. ఆయనకు ఈ సంగతి తెలుసు, తప్పు పట్టరు.

కడుపునొప్పి అని ఆమె చాలాకాలం వాము నమిలింది. గ్యాసు అంది. చూపించుకోమంటే "గీ మాత్రం తక్లీఫ్‌కు దవాఖానా ఏంది" అంది. చూపించుకునేసరికి చేయి దాటిపోయింది. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జుట్టు ఊడింది, ముక్కుపుడకలు వదులై తీసేసింది. అవన్నీ నవ్వుతూనే పడింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి కొత్తిమీర కట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆకులు తుంచబోతే కట్ట కట్టంతా చేతిలోంచి జారిపోతోంది. మళ్ళీ తీసుకుంటోంది, మళ్ళీ జారుతోంది. నన్ను చూసి చేతులు ఒళ్ళో దాచుకుంది.

"ఏళ్ళకు ఏం తెలుస్తలేదు ఇజయా. మొద్దుబారినయ్. జాకెట్ హుక్కులు సుత మీ అన్ననే పెడ్తుండు."

మందు వల్ల కొందరికి అలా అవుతుందట, ఆపాక కొందరికి తగ్గుతుందట. డాక్టరు చెప్పాడని నర్సింగన్న చెప్పాడు. కొందరికి అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది.

తరువాతి వారం ఆమే ఫోన్ చేసింది. "వచ్చేటప్పుడు వైరు పట్టుకరా. నీకు అడుగు చెప్త."

ఇన్నేళ్ళు అడిగాను, ఇన్నేళ్ళూ నవ్వి తప్పించుకుంది. ఇప్పుడు తనంతట తనే చెప్తానంటోంది అంటే ఇంక వేరే వివరం అక్కర్లేదు. "ఇప్పుడెందుకక్కా, తగ్గాక చూద్దాం" అన్నాను.

"తగ్గే సంగతి నాకెర్క. నువ్వు వైరు పట్టుకరా, గంతే."

నేను వైరు తీసుకుని వెళ్ళేసరికి ఆమెకు మెట్ల దాకా వచ్చే ఓపిక లేదు, మంచం మీదే గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు తనే వేసి చూపిస్తానంది. వైరు సగానికి మడవడం వరకూ వచ్చింది. ముడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. వైరు ఉందో లేదో ఆ వేళ్ళకు తెలియడం లేదు, ఎంత లాగుతోందో తెలియడం లేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేసింది. సరే, నోటితో చెప్పు, నేను వేస్తానన్నాను. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. పెదవులు కదులుతున్నాయి, చేతులు గాల్లో ముడి వేస్తున్నాయి, మాట రావడం లేదు.

"నోటికొస్తలేదే. ఏళ్ళకే తెల్సు" అంది, బిక్కమొహంతో. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు.

"ఎంత లాగాలో చెప్పక్కా, చాలు."

"అందాద."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చింది. నేను ఆమెను మాటలతో ఓదార్చలేదు, అది నాకు ఆమె నేర్పలేదు. పక్కన కూర్చుని నాకు తోచినట్టు ఒక అడుగు వేశాను. ఆమె దాన్ని అందుకుంది. వేళ్ళతో తడమబోయి, ఆగి, ఎత్తి చెంపకు ఆనించుకుంది. వేళ్ళు పోయినా చెంపకు స్పర్శ ఉంది. కళ్ళు మూసుకుని అడుగు మొత్తం చెంప మీద మెల్లగా జరుపుకుంది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"వదులుంది. ఇప్పు."

విప్పాను, మళ్ళీ వేశాను. మళ్ళీ చెంపకు ఆనించుకుంది. "నడిమిట్ల వదులుంది. ఇప్పు." అలా నేను వెళ్ళిన ప్రతిసారీ జరిగింది. వేయడం, ఆమె చెంప మీద జరుపుకోవడం, విప్పడం. వైరు ముడతలు పడి తెల్లబడింది. ఇంట్లో కూడా వేసి చూసుకునేదాన్ని, బడి ఆఫీసులో టేబులు కింద వేసుకునేదాన్ని. అంత పట్టుదల నాకు ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆ అడుగు నాకు వచ్చేస్తే ఆమె ఏదో కొంత మిగులుతుందని అనుకున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ చెంప సరే అంటే చాలు. ఆమె చెంపలు లోపలికి పోతున్నాయి, ఎముక తేలుతోంది, వైరు ఆనించుకుంటే నొప్పి పుడుతుందేమోనని నాకు భయంగా ఉండేది. ఆమె మానలేదు. "వదులుంది. ఇప్పు."

ఆఖరుసారి వెళ్ళినప్పుడు ఆమె పడుకునే ఉంది. ఊపిరి పైపైన ఆడుతోంది. నర్సింగన్న కిటికీ దగ్గర బయటికి చూస్తూ నిలబడ్డాడు. నేను మంచం పక్కన పీట మీద కూర్చుని అడుగు వేశాను. తొందర తొందరగా వేశాను, కొస దగ్గర ముడి సరిగ్గా పడలేదని నాకే తెలుస్తోంది. అయినా ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని రొమ్ము మీద పెట్టుకుంది. చెంప దాకా ఎత్తుతుందని చూస్తున్నాను. ఎత్తలేదు.

"మంచిగుంది" అంది.

"చూడక్కా, సరిగ్గా చూసి చెప్పు."

"మంచిగుంది ఇజయా. గిట్లనే ఎయ్యి."

ఎత్తే ఓపిక లేకపోయిందో, నా మీద జాలి కలిగిందో, ఇంక దీనికి రాదులే అని విడిచిపెట్టిందో నాకు తెలియదు. నేను ఆ అడుగు తీసుకుని, నేనే ఆమె చెంప దగ్గర పెట్టాలనుకున్నాను. పెట్టలేకపోయాను. వదులుంది అని అంటుందన్న భయం కాదు, అనకపోతే ఏంచేయాలన్న భయం. రెండు రోజులకు పొద్దున్నే నర్సింగన్న ఫోన్ చేశాడు. "ఇజయా, మీ అక్క పోయింది" అన్నాడు. ఆయన కూడా ఆమెలాగే నన్ను ఇజయా అనేవాడు.

దినాల నాడు బోయిగూడ ఇంట్లో ఆడవాళ్ళందరం కింద కూర్చున్నాం. కింది వాటాలో ఉండే సువర్ణ నా పక్కకు జరిగి, కొంగులోంచి ఒక వైరు కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. పసుపుపచ్చ వైరు. ఆమె కోడలికి ఏడో నెల.

"మా కోడలికి ఒక బుట్ట అల్లియ్యి అక్కా. అండాలక్కను అడుగుదామనుకున్న, గింతల గిట్లాయె."

"నాకు అడుగు రాదు సువర్ణా" అన్నాను.

"ఎందుకు రాదు? అండాలక్కే చెప్పింది గద. ఇజయకు నేర్పిన, నాకన్న మంచిగేస్తుంది, ఇగ ఏదున్నా దానికే ఇయ్యిర్రి అన్నది. మంచంల పండుకొనే అందరికీ చెప్పింది."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాళ్ళకూ చెప్పిందట. ఒకామె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది, అండాలక్క చెయ్యి ఇప్పుడు నీకొచ్చింది అని. నేను ఏమనను? చనిపోయిన మనిషి అబద్ధం చెప్పిందనా? నాకు రాలేదని ఆమెకు తెలుసు. తెలిసీ నా పేరు మీద అంత పెద్ద మాట గల్లీ అంతటా చెప్పి వెళ్ళిపోయింది. అది నాకు ఇచ్చిన వరమని వాళ్ళు అనుకుంటున్నారు. అది బరువు. ఏడాదిగా మోస్తున్నాను. నాకున్న చెయ్యి నాదే, పెట్టిన మొక్క బతకని చెయ్యి. ఆమె చెయ్యి ఆమెతోపాటే కాలిపోయింది.

సువర్ణ కోడలికి కొడుకు పుట్టాడు, నడక కూడా వచ్చింది. వైరు నా దగ్గరే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఫ్లాటులో ఎవరూ లేనప్పుడు తీసి అడుగు వేస్తాను. కొస దాకా వేసి, తలుపు గడియ ఉందో లేదో చూసుకుని, చెంపకు ఆనించుకుంటాను. నా చెంపకు ఏమీ తెలియదు. గరుగ్గా తగులుతుంది, అంతే. వదులు ఏదో, బిగువు ఏదో అది చెప్పలేదు. విప్పేస్తాను. ఫోన్లో ఎవరెవరో నేర్పుతున్నారు చూడమంది మా అమ్మాయి. చూశాను. వాళ్ళ ముడి వేరు, వాళ్ళ బుట్ట వేరు. అది నేర్చుకుంటే నాకు బుట్ట వస్తుంది, నాకు కావలసింది బుట్ట కాదు.

సువర్ణ ఎప్పుడైనా ఫోన్ చేస్తుంది. తొందరేం లేదంటూనే అడుగుతుంది, "ఎట్లొస్తుందక్కా?" అని. విప్పిన వైరు ఒళ్ళో ఉంటుంది, ముడి పడ్డ చోటల్లా ముడతలు పడి.

"మంచిగొస్తుంది" అంటాను.